ఊరి ట్యాంకులో బ్లీచింగ్ తగ్గించాను... తప్పు చేశానా?

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారి వయసు 56. ఇరవై రెండేళ్లుగా ఊరి మంచినీళ్ల ట్యాంకు ఆయన చేతిలోనే ఉంది. ఏటి ఇసుకలో తవ్విన ఊటబావి నుంచి మోటారు వేసి 40 వేల లీటర్ల ట్యాంకు నింపడం, బ్లీచింగ్ పౌడరు కలపడం, ఉదయం సాయంత్రం వీధుల వారీగా వాల్వులు తిప్పడం ఆయన పని. పౌడరును ఒక పాత డబ్బాతో కొలిచి పోస్తారు. ఎండాకాలమైనా వానాకాలమైనా డబ్బా డబ్బాయే.

ఆయన అన్నయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఆరేళ్ల క్రితం ఊరికి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. పోయిన ఏడాది మూత్రాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఈయన కొడుకు, క్లోరిన్ కలిపిన నీళ్ల వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోనులో ఒక వీడియో చూసి, "పెదనాన్నను తిన్నది నీ బ్లీచింగే నాన్నా" అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఎవరికీ చెప్పకుండా డబ్బాను పావు డబ్బా చేశారు. మూడు వారాలైంది. వాసన పోయింది, నీళ్లు తియ్యగా ఉన్నాయని ఊళ్లో మెచ్చుకుంటున్నారు. ఈలోగా ఏటికి ఎర్రనీరు వచ్చింది. కింద వీధిలో ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. వానలప్పుడు మామూలే అని అందరూ సరిపెట్టుకున్నారు గానీ ఆయన సరిపెట్టుకోలేకపోతున్నారు. ఏడో నెల గర్భంతో కూతురు పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. అల్లుడు పంపించే డబ్బుతో ఆమె ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తెప్పించుకుని తాగుతోంది.

ఉత్తరం చివర ఇలా రాశారు: "మోకాళ్ల నొప్పుల వల్ల ఉగాది తర్వాత నేను ట్యాంకు లోపలికి దిగలేదు. శుభ్రం చేసిన తేదీ మాత్రం నెలనెలా మార్చి రాస్తున్నాను. ఇది కూడా మీకు చెప్పాలనిపించింది. ఎక్కువ వేస్తే క్యాన్సర్, తక్కువ వేస్తే విరేచనాలు. నేను ఏ చేత్తో వేయాలి?"

*

అన్నగారూ, నమస్కారం.

మీ ఉత్తరంలో చాలా విషయాలకు నేను దారులు చూపించి, ఎటు వెళితే ఏమవుతుందో చెప్పి, నిర్ణయం మీకే వదిలేస్తాను. ఒక్క విషయంలో మాత్రం అలా వదలలేను. ఈ పూట ట్యాంకు నింపేటప్పుడు బ్లీచింగ్ సరిపడా వేయండి. మిగతాది చదివేలోగా వాల్వు తిప్పే వేళ అయితే, ముందు ఆ పని చేసి వచ్చి చదవండి.

మీ అబ్బాయి చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. అబద్ధమని కొట్టిపారేస్తే మీ భయం పోదు, అతని కోపమూ పోదు. అందుకని ఆ నిజం ఎంతో, ఎక్కడ ఆగిపోతుందో మీతో కలిసి చూస్తాను. నేను నీటి పరీక్షల ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ విషయం నాకు పుస్తకంలో చదివినది మాత్రమే కాదు.

ఏటి నీటిలో కంటికి కనబడని సారం ఒకటి ఉంటుంది. రాలిన ఆకులు, గడ్డి, వేళ్లు, నాచు కుళ్లి నీటిలో కలిసిపోయిన సారం. తేయాకు రంగు నీళ్లలోకి దిగినట్టే ఇదీ దిగుతుంది. ఆ నీటిలో క్లోరిన్ వేస్తే అది సూక్ష్మజీవులను చంపడంతో ఆగదు, ఈ సారంతో కూడా కలిసి కొత్త పదార్థాలను పుట్టిస్తుంది. వాటిని క్లోరిన్ ఉప ఉత్పన్నాలు అంటాం. 1974లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసే యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త, శుద్ధికి ముందు నీటిలో లేని క్లోరోఫాం శుద్ధి తర్వాత కనబడుతోందని బయటపెట్టాడు. ఒకప్పుడు ఆపరేషన్లలో మత్తుమందుగా వాడిన క్లోరోఫామే అది. దానికి మరో మూడు తోబుట్టువులున్నాయి. నాలుగింటినీ కలిపి ట్రైహాలోమీథేన్లు అంటారు. హాలో ఎసిటిక్ ఆమ్లాలని ఇంకో గుంపు ఉంది. ఇంకా వందల రకాలను గుర్తించారు.

క్లోరోఫాంను, దాని తోబుట్టువు బ్రోమోడైక్లోరోమీథేన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం "మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే వర్గంలో పెట్టింది. అదే విభాగం 1991లో క్లోరిన్ కలిపిన తాగునీటిని పరిశీలించి, దానిపై అలాంటి తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనాల్లో, ఈ పదార్థాలు ఎక్కువగా ఉన్న నీటిని దశాబ్దాల తరబడి వాడినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనబడింది. యూరప్‌లోని 26 దేశాల లెక్కలు తీసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం, అక్కడి మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు 5 శాతానికి ట్రైహాలోమీథేన్లు కారణమై ఉండవచ్చని అంచనా వేసింది. మీ అబ్బాయి చూసిన వీడియో వెనక ఉన్న నిజం ఇంత.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి. మీరు రాసిన నాలుగు మాటల్లోనే దీనికి జవాబు ఉంది గానీ, దుఃఖంలో మీకు కనబడలేదు. ఆయన మీ ట్యాంకు నీళ్లు తాగింది ఆరేళ్లు. అంతకుముందు ఉద్యోగ జీవితమంతా ఖరగ్‌పూర్‌లో గడిచింది. ఈ క్యాన్సర్ ఒకటి రెండేళ్లలో పుట్టేది కాదు, నీటితో సంబంధం కనబడిన అధ్యయనాలు కూడా చెప్పేది ముప్పై, నలభై ఏళ్ల వాడకం గురించే. ఇంకొకటి. ఆయన బీడీలు కాల్చేవారని ఉత్తరంలో ఒక మూల రాశారు, "ఆఖరి రోజుల్లో కూడా దిండు కింద కట్ట ఉండేది" అని. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగ అన్నిటికంటే పెద్ద కారణం. పొగ తాగేవారికి తాగనివారికంటే ముప్పు దాదాపు మూడు రెట్లు. ఈ జబ్బు బారిన పడినవారిలో సుమారు సగం మందికి పొగే కారణమని లెక్కలున్నాయి. ఒక మనిషికి ఒక జబ్బు ఎందుకు వచ్చిందో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. నేనూ చూపించను. కానీ త్రాసులో ఒక పక్క నలభై ఏళ్ల బీడీ, ఇంకో పక్క ఆరేళ్ల ట్యాంకు నీళ్లు పెడితే, మీ అన్నయ్య చావును మీ డబ్బా మీద వేసుకోవడానికి ఏ న్యాయమూ లేదు. ఆ బరువు దించుకోండి.

మీ అబ్బాయి అలా ఎందుకన్నాడో కూడా ఆలోచించండి. పెదనాన్న పోయాడు. నింద వేయడానికి ఎవరో ఒకరు కావాలి. బీడీని నిందిస్తే పోయిన మనిషిని నిందించినట్టు అవుతుంది. దూరంగా ఉన్న కొడుక్కి దగ్గరగా కనబడిన నేరస్తుడు బ్లీచింగ్. అతను అన్నది మిమ్మల్ని అయినా, అనుకున్నది మిమ్మల్ని కాదేమో.

ఇప్పుడు రెండో భయానికి వద్దాం. మీరు తగ్గించిన దాని గురించి.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం విజృంభించి ప్రాణాలు పోయిన సంగతి మీకు తెలియనిది కాదు, మీకు ఎంతో దూరమూ కాదు. క్లోరోఫాం ముప్పు దశాబ్దాల లెక్క. కలుషిత నీటి ముప్పు రోజుల లెక్క, పసిపిల్లల విషయంలో గంటల లెక్క. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే మాటను పదే పదే చెబుతుంది: ఉప ఉత్పన్నాలను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారాన్ని బలి పెట్టకూడదు. మీరు తెలియక ఆ పనే చేశారు.

కింద వీధి పిల్లల విషయం నన్ను ఊరికే ఉండనివ్వడం లేదు. కింద వీధి అంటే గొట్టం చివర అని అనుకుంటున్నాను. మీరు వాల్వు కట్టేశాక గొట్టాలు ఖాళీ అవుతాయి. ఖాళీ గొట్టం లోపలికి పీలుస్తుంది. మురుగు కాలువ పక్కనో, కాలువ లోంచో వెళ్లే చోట చిన్న పగులున్నా ఆ నీరు లోపలికి వస్తుంది. మళ్లీ మీరు వాల్వు తిప్పగానే అది ఎవరి బిందెలోకో వెళుతుంది. ట్యాంకులో మీరు వేసిన క్లోరిన్‌లో కొంత మిగిలి చివరి కుళాయి దాకా చేరాలని అడిగేది ఇందుకే. ట్యాంకులో సూక్ష్మజీవులను చంపడం సగం పని, దారిలో కాపలా కాయడం మిగతా సగం. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఆ మిగులు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పావు డబ్బాతో, ఎర్రనీటితో, ఉగాది నుంచి కడగని ట్యాంకుతో అది చివరి కుళాయి దాకా చేరి ఉండదు.

అడుగున పేరుకున్న ఆ మడ్డిలోనే అసలు చిక్కు ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో బావుల నీళ్లు పరీక్షించడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. కొబ్బరి చెట్లు పడిపోయి, జీడితోటలు నేలమట్టమై, బావుల నిండా ఆకు. ఒక నూతిలో బ్లీచింగ్ వేసి అరగంట తర్వాత చూస్తే క్లోరిన్ జాడే లేదు. మళ్లీ వేశారు. మళ్లీ లేదు. వాసన మాత్రం ముక్కులు బద్దలయ్యేలా ఉంది. ఊరివాళ్లు వాసన చూసి మందు ఎక్కువైందన్నారు. నా చేతిలోని గొట్టంలో రంగు రాలేదు. ఆకుల కషాయం క్లోరిన్‌ను మింగేస్తోంది. మింగి ఊరుకోవడం లేదు, మనం మాట్లాడుకుంటున్న ఉప ఉత్పన్నాలను పుట్టిస్తోంది. ఆకు తీయించి, మడ్డి తోడించి, ఊరిన కొత్త నీటిలో మొదటిసారి వేసినంతే వేస్తే, అరగంట తర్వాత గొట్టంలో పసుపు రంగు నిలిచింది. వాసన కూడా తగ్గింది.

మీ ట్యాంకులోనూ జరిగేది ఇదే. మూత పగిలి ఉంటే వేపాకు, పావురాల ఈకలు లోపల పడతాయి. ఏటి నుంచి వచ్చిన సన్నటి ఒండ్రు అడుగున చేరుతుంది. ఆ బురద క్లోరిన్‌ను తినేసి కింద వీధి పిల్లలకు కాపలా లేకుండా చేస్తుంది, తిన్న క్లోరిన్‌ను మీ అబ్బాయి భయపడే పదార్థాలుగా మారుస్తుంది. రెండు భయాలకూ మూలం ఒకటే. మీరు తగ్గించాల్సింది మందు కాదు, మడ్డి. ఏ చేత్తో వేయాలని అడిగారు. చీపురు పట్టిన చేత్తో.

ఇక కొలత. ఇన్నేళ్లుగా ఒకే డబ్బా వేయడం కూడా సరి కాదు. ఆ డబ్బా నిండా పౌడరు పోసి కిరాణా కొట్టుకు తీసుకెళ్లి ఒకసారి తూకం వేయించండి. లెక్క తేలిక. తాజా బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు, అంటే 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. వంద గ్రాముల పౌడరును మీ 40 వేల లీటర్లలో కలిపితే లీటరుకు 0.8 మిల్లీగ్రాములు పడుతుంది. తేటనీటికి ఇది చాలా వరకు సరిపోతుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు అని పుస్తకాల్లో ఉండే లెక్క కూడా ఇదే. ఎర్రనీటి రోజుల్లో ఇది చాలదు, రెట్టింపు కావచ్చు, ఇంకా పట్టవచ్చు. పైగా మోటారు గదిలో మూతి విప్పి పెట్టిన సంచిలో పౌడరుకు చెమ్మ తగిలి నెలల్లోనే బలం సగానికి పడిపోతుంది. అప్పుడు వంద గ్రాములు వేశామనుకుంటాం, వేసింది యాభై గ్రాములతో సమానం. అంటే మీ పాత డబ్బా ఎండాకాలంలో ఎక్కువై ఉండవచ్చు, శ్రావణ భాద్రపదాల్లో తక్కువై ఉండవచ్చు. వాసన చూసి ఈ తేడా చెప్పలేం. కొలిచి చూడాలి.

కొలవడానికి క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. మీ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు దగ్గరో, ఏఎన్ఎం దగ్గరో ఒకటి ఉండాలి. గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, పక్కనున్న రంగులతో పోల్చి చూడటమే. ట్యాంకు దగ్గర చూడకండి. వాల్వు తిప్పాక కింద వీధిలో ఆఖరి ఇంటి కుళాయి దగ్గర చూడండి. అక్కడ 0.2 ఉంటే ఊరంతా ఉన్నట్టే. 0.5కు మించి పోతుంటే మర్నాడు పది ఇరవై గ్రాములు తగ్గించండి. వారం రోజులు ఇలా చూస్తే ఏ నీటికి ఎంత పడుతుందో మీ చేతికే తెలిసిపోతుంది. పౌడరును నేరుగా ట్యాంకులో పోయకండి. బకెట్టు నీళ్లలో బాగా కలిపి, సున్నం అడుగున దిగేదాకా పది నిమిషాలు ఆగి, పైతేటను వంచి పోయండి. అది కలిశాక అరగంట ఆగి వాల్వు తిప్పండి.

క్లోరోఫాం వగైరాలను కొలవడం మాత్రం ఊళ్లో కుదరదు. దానికి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే యంత్రం ఉన్న ల్యాబు కావాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారికి పంచాయతీ తరఫున ఉత్తరం రాసి అడగవచ్చు. అడిగితే ఇంకో మాట కూడా చెప్పండి: నమూనాను గాలి బుడగ కూడా లేకుండా అంచు దాకా నింపిన గాజు సీసాలో, ఆఖరి కుళాయి నుంచి తీయాలి. ఇవి గాలిలోకి ఎగిరిపోయే పదార్థాలు, పైగా గొట్టంలో నీరు ఎంతసేపు ఉంటే అంత పెరిగేవి. మన ప్రమాణంలో క్లోరోఫాంకు హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 0.06. అమెరికాలో నాలుగింటికీ కలిపి 0.08. రోజుకు రెండు లీటర్ల చొప్పున జీవితాంతం తాగినా ముప్పు అతి స్వల్పంగా ఉండాలని లెక్కగట్టి పెట్టే హద్దులివి. పరీక్షకు డబ్బు ఖర్చవుతుంది, ఫలితానికి నెలలు పట్టవచ్చు, ఎవరూ పట్టించుకోకపోవచ్చు కూడా. అడగడంలో తప్పు లేదు. కానీ ఫలితం వచ్చేదాకా మందు ఆపి కూర్చోవడం తప్పు.

మీ అమ్మాయి గురించి. గర్భిణులకు ఈ పదార్థాల వల్ల గర్భస్రావం అవుతుందా అన్న ప్రశ్న మీద చాలా పరిశోధన జరిగింది. 1998లో కాలిఫోర్నియాలో జరిగిన అధ్యయనంలో ఎక్కువ మోతాదు ఉన్న నీటిని రోజూ ఐదు గ్లాసులు, అంతకు మించి తాగినవారిలో గర్భస్రావాలు ఎక్కువ కనబడ్డాయి. ఆ తర్వాత ఇంకా జాగ్రత్తగా చేసిన అధ్యయనంలో ఆ సంబంధం గట్టిగా నిలబడలేదు. బిడ్డ బరువు మీద ప్రభావం ఉన్నా చిన్నదేనని ఎక్కువ మంది అభిప్రాయం. దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. కలుషిత నీటితో వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్-ఇ అనే రకం ఉంది. మామూలు మనుషులు చాలావరకు కోలుకుంటారు. కడపటి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా ప్రాణాలు పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ అమ్మాయి ఇప్పుడు ఆ నెలల్లోకే అడుగు పెడుతోంది. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఏ భయం ముందు, ఏది తర్వాత అన్నది తేలాలని రాస్తున్నాను.

క్యాను నీళ్లు మంచివా అని అడిగారు. ప్లాంటు మంచిదైతే మంచివే. కానీ వాటిలో కాపలా కాసే క్లోరిన్ ఉండదు. క్యాను సరిగ్గా కడగకపోయినా, తెరిచి నాలుగు రోజులు వాడినా సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెద్దగా ఖర్చు లేని దారి ఒకటుంది. కుళాయి నీళ్లే పొయ్యి మీద పెట్టి, తెర్లి మరిగాక మూత లేకుండా ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచండి. సూక్ష్మజీవులు చస్తాయి. క్లోరోఫాం 61 డిగ్రీలకే ఆవిరయ్యేది కనుక చాలావరకు గాలిలోకి పోతుంది. అందుకే కిటికీ తీసి ఉంచమనండి. హాలో ఎసిటిక్ ఆమ్లాల్లో కొన్ని మరిగించినా పోవు. అవి కూడా తగ్గాలంటే బొగ్గు ఫిల్టరు ఉన్న యంత్రం పెట్టుకోవచ్చు. బొగ్గును చెప్పిన గడువుకు మార్చకపోతే అదే సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. ఆ ఓపిక, ఖర్చు ఉంటేనే పెట్టుకోండి. పురుడు అయ్యేదాకా కాచిన నీళ్లు చాలు. కాచి చల్లార్చాక మూత పెట్టి, చేతులు ముంచకుండా పిడి ఉన్న గరిటెతో తీసుకోమనండి. కాచిన నీటిలోనూ కాపలా ఉండదు, ఏ రోజువి ఆ రోజే.

ఇక మిగిలింది మీరు ఎవరికీ చెప్పని మూడు వారాలు, మీరు మార్చి రాసిన తేదీ. మీ ముందు మూడు దారులున్నాయని నాకు తోస్తోంది.

రేపటి నుంచి సరిగ్గా వేస్తూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకోవడం ఒకటి. ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఊరికి కూడా ఇప్పటికి మంచే జరుగుతుంది. కానీ ఈ మూడు వారాల్లో తాగిన నీళ్ల వల్ల ఇంకా ఎవరికైనా జబ్బు పొదుగుతూ ఉంటే తొందరగా కనిపెట్టేవారుండరు. పచ్చకామెర్లు బయటపడటానికి వారాలు పడుతుంది. పైగా వాసన మళ్లీ మొదలవగానే నలుగురూ వచ్చి అడుగుతారు, మీరు మళ్లీ తగ్గిస్తారు. ట్యాంకు కడగడానికి రెండో మనిషి కావాలంటే కారణం చెప్పాలి, చెప్పలేరు.

రెండోది, ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో మాత్రం చెప్పడం. "మూడు వారాలుగా క్లోరిన్ తక్కువ పడింది, కింద వీధిలో ఇంటింటికీ ఒకసారి తిరిగి చూడండి" అంటే చాలు. వాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకుని వెళతారు, ఇంకెవరికైనా ఉంటే తెలుస్తుంది. మాట పైకి వెళ్లవచ్చు, వెళ్లకపోవచ్చు. మీరు ఏ దారి ఎంచుకున్నా దీన్ని మాత్రం వదలకండి అని బతిమాలుకుంటున్నాను. ఆ ఇద్దరు పిల్లలు ఎవరి పిల్లలో మీకు తెలుసు.

మూడోది, పంచాయతీ కార్యదర్శి దగ్గరికి, సర్పంచి దగ్గరికి మీరే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఇది కష్టం. తిట్లు పడవచ్చు. మీది చిన్న జీతం, పర్మినెంటు కాని ఉద్యోగం అని రాశారు. తీసేస్తారన్న భయం వట్టిది అని నేను అనలేను. కానీ దీని వల్ల వచ్చేవి కూడా ఉన్నాయి. యాభై ఆరేళ్ల మనిషిని, మోకాళ్లు అరిగిన మనిషిని, ఒంటరిగా ఆ నిచ్చెన ఎక్కించి లోపలికి దింపడం పంచాయతీ తప్పు కూడా. ఈ మాట మీరు చెప్పకపోతే వాళ్లకు తెలియదు. కడగడానికి కుర్రవాడు, మూత బాగుచేయించడానికి డబ్బు, క్లోరోస్కోపు, గొట్టం ఎక్కడ మురుగులో ఉందో చూడటానికి ప్లంబరు, ఇవన్నీ అడగడానికి మీకు నోరు వస్తుంది. తేదీ విషయం దాచి ఇవి అడిగితే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ట్యాంకు పైకెక్కి చూస్తారు. అప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు. నేనైతే ఈ దారికే మొగ్గుతాను. అయితే నా పొయ్యి మీద మీ బియ్యం ఉడకడం లేదు కనుక, వెళ్లాలో వద్దో ఇంట్లో మీ ఆవిడతో మాట్లాడి మీరే తేల్చుకోండి.

అబ్బాయితో ఫోనులో వాదించకండి. ఫోనులో మొదలైన మాట ఫోనులో తేలదు. వచ్చే నెలలో ఒక ఆదివారం సెలవు చూసుకుని రమ్మనండి. ట్యాంకు కడిగే రోజు అదే పెట్టుకోండి. నీళ్లు పూర్తిగా వదిలేసి, మూత తీసి గాలి ఆడనిచ్చాక అతను లోపలికి దిగాలి, మీరు పైన నిలబడాలి. ఇద్దరూ లేకుండా ఎవరూ దిగవద్దు. కడిగేటప్పుడు లోపల బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ ఇంకేదీ గానీ కలపవద్దు, ఆ గాలికి ప్రాణాలు పోతాయి. అడుగున ఉన్న మడ్డిని అతని చేతులతోనే బకెట్టులోకి ఎత్తనివ్వండి. అది పైకి వచ్చాక చెప్పండి, "నువ్వు భయపడింది దీని గురించే" అని. రసాయన శాస్త్రం అతనికి మీకంటే తొందరగా అర్థమవుతుంది. అర్థమైన కొడుకు ఆ వీడియో చూసిన ఫోనులోనే మీకు రోజువారీ లెక్క రాసుకోవడానికి పట్టిక ఒకటి చేసిపెట్టగలడు: తేదీ, నీటి రంగు, ఎన్ని గ్రాములు, ఆఖరి కుళాయి దగ్గర ఎంత.

ఆ సాయంత్రం గోడ మీద తేదీ మీ చేత్తోనే రాయండి. కింద వీధి పిల్లలు ఎలా ఉన్నారో, అమ్మాయికి పురుడు ఎప్పుడో నాకు ఒక ఉత్తరం రాయండి.